మా బావమరిది కాళ్ళు

చొక్కా కాలరు కుట్టడంలో మా బావమరిదిని మించినవాడు లేడు. ఈ మాట నా నోట వచ్చినప్పుడల్లా మా ఆవిడ అనుమానంగా చూస్తుంది. తన తమ్ముణ్ణి నేను పొగిడానంటే వెనకాల ఏదో వేళాకోళం ఉండే ఉంటుందని ఆమె నమ్మకం. ఆమెను తప్పుపట్టలేను. పెళ్ళయిన నాటినుంచీ వాణ్ణి ఏడిపించడం నేనొక ఉద్యోగంలా చేస్తున్నాను. కానీ కాలరు సంగతి వేరు. రెండు కొసలూ కవలపిల్లల్లా ఉండాలి. లోపల పెట్టే బక్రం గుడ్డ ముడత పడకూడదు. పైన వేసే కుట్టు అంచుకు ఒక నూలుపోగంత కూడా అటూ ఇటూ జరగకూడదు. దానికి కన్ను కావాలి, చెయ్యి కావాలి, అన్నిటికంటే కుదురు కావాలి. వాడి కుదురు ఎలా పోయిందో, ఎవరి మూలంగా పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా కొట్టు ఒక సైకిల్ రిపేరు దుకాణం పైన ఉంటుంది. ఇరుకు మెట్లెక్కి వస్తే ఒకే ఒక్క పొడుగాటి గది. కిటికీ వారగా మూడు కుట్టుమిషన్లు, మధ్యలో నా కటింగు బల్ల, తలుపు దగ్గర కాజాల పిన్ని కుర్చీ. యజమానినీ కటింగ్ మాస్టర్నీ నేనే. రెండు మిషన్ల మీద దర్జీలు మారుతూ ఉంటారు. కిటికీ చివరి మిషను మాత్రం మా బావమరిదిది. కొట్లో వాణ్ణి అందరూ 'బాబిన్' అంటారు. మిషనులో దారం చుట్టే చిన్న కండెలా పొట్టిగా, సన్నగా, ఒంటిమీద ఎప్పుడూ ఏదో ఒక దారం చుట్టుకుని ఉంటాడని ఆ పేరు నేనే పెట్టాను.

కాజాల పిన్ని మాలో ఎవరికీ సొంత పిన్ని కాదు. మా నాన్న హయాం నుంచి ఇక్కడే కూర్చుని చొక్కాలకు చేత్తో కాజాలు కుడుతోంది. గోడగడియారం ముళ్ళు ఆమె కంటికి ఆనవు. ఆనినా చూసే అలవాటు లేదు. ఆమె కాలమంతా కాజాల్లోనే నడుస్తుంది. "టీ రావడానికి నాలుగు కాజాలు పట్టిందేమిట్రా?" అంటుంది. "నిన్నటి వాన మూడు కాజాలకే ఆగిపోయింది" అంటుంది. కొత్తగా చేరిన దర్జీలు మొదట నవ్వుతారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళూ అలాగే మాట్లాడతారు.

ఏడేళ్ళ కిందట బాబిన్‌కి జబ్బు చేసింది. అప్పటికి వాడికి పాతికేళ్ళు. కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టిన చొక్కాలను తీసి కాలర్లు ఊడదీయడం మొదలుపెట్టాడు. ఒక్క మధ్యాహ్నం పదకొండు కాలర్లు ఊడదీశాడు. నేను బల్లమీద కత్తెర కొట్టి అరిచాను. వాడు నా మాట వినడం లేదు, ఇంకెవరిదో వింటున్నాడు. కాలర్ల లోపలినుంచి ఎవరో తనను తిడుతున్నారనీ, అక్కను కూడా తిడుతున్నారనీ, ఆ నోరు ఎక్కడుందో వెతుకుతున్నాననీ చెప్పాడు. వాడి మొహం చూశాక నాకు అరవబుద్ధి కాలేదు.

నలభై రోజులు ఆసుపత్రిలో ఉంచారు. వార్డులో పొద్దస్తమానం మంచం మీదే ఉండాలి. తలుపుకు బయటినుంచి గడియ. అక్కడ ఎవరూ వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఇంటికొచ్చాక ఆ నలభై రోజుల మాటెత్తితే వాడు లేచి అవతలికి వెళ్ళిపోయేవాడు. మందుల వల్ల గొంతులు ఆగిపోయాయి. అది మాత్రం ఒప్పుకోవాలి, ఆ మందులే వాణ్ణి మాకు తిరిగి ఇచ్చాయి.

పంపించేటప్పుడు అక్కడి పెద్ద డాక్టరు మా ఆవిడకు రెండు మాటలు చెప్పాడు. మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదు. మళ్ళీ కుదురు లేకుండా అటూ ఇటూ తిరగడం మొదలుపెడితే సాయంత్రం ఇంకో మాత్ర వేసి, వెంటనే తీసుకురావాలి. ఆ రెండు మాటలూ మా ఆవిడకు శిలాశాసనాలయ్యాయి. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచింది తనే. మాత్ర తన చేత్తో నోట్లో వేసేది, నీళ్ళు పట్టేది, "ఏదీ, ఆ అను" అని నోరు తెరిపించి చూసేది. ముప్పై ఏళ్ళ మగవాడు అక్క ముందు నోరు తెరుచుకుని నిలబడితే నేను పక్కనుంచి "పళ్ళు కూడా లెక్కపెట్టు, ఒకటి తగ్గిందేమో" అనేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఆ గొంతులు మళ్ళీ సన్నగా వినిపిస్తున్నాయని వాడే వచ్చి చెప్పాడు. డాక్టరు మందు మార్చి గట్టిది రాశాడు. నెల తిరక్కుండానే గొంతులు పోయాయి. ఆ తర్వాత మా కొట్టుకు మహర్దశ పట్టింది.

బాబిన్ మిషను మీదినుంచి లేవడం మానేశాడు. మావి అప్పట్లో కాళ్ళతో తొక్కే మిషన్లు. పొద్దున్న తాళం తీయగానే వచ్చి కూర్చుని తొక్కడం మొదలుపెడితే చీకటి పడేదాకా ఆ చక్రం ఆగేది కాదు. భోజనానికి పిలిస్తే నిలబడి నాలుగు ముద్దలు తిని మళ్ళీ మిషనెక్కేవాడు. కుట్టడానికేమీ లేకపోతే బాబిన్లకు దారం చుట్టేవాడు. అవీ అయిపోతే ఉత్తినే తొక్కేవాడు. స్కూలు యూనిఫారాల సీజన్లో ఇద్దరి పని ఒక్కడే చేశాడు. మిగతా దర్జీలకు వాణ్ణి చూపించి, "చూడండ్రా, జబ్బుపడి లేచినవాడు అలా చేస్తుంటే తిన్నదరక్క మీరు ఇలా చేస్తున్నారు" అని దెప్పేవాణ్ణి. వచ్చిన ప్రతివాళ్ళకీ "మా బావమరిది" అని పరిచయం చేసేవాణ్ణి. అంతకుముందు ఆ చుట్టరికాన్ని అంత గట్టిగా ఎప్పుడూ చెప్పుకోలేదు.

కాజాల పిన్ని ఒకసారి నన్ను పక్కకు పిలిచింది.

"ఒరే మాస్టరూ, వీడు పని చెయ్యడం లేదురా. ఊరుకోలేకపోతున్నాడు."

"ఊరుకోలేనివాడే కదా పిన్నీ పనిచేసేది. ఊరుకోగలిగినవాళ్ళంతా అదుగో, ఆ రెండు మిషన్ల మీద కూర్చున్నారు."

"సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూశావా? అంతసేపూ మడమలు కొట్టుకుంటూనే ఉంటాయి."

నేను నవ్వేసి చొక్కా గుడ్డ పరుచుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికి బావమరిది కాళ్ళ సంగతి ఎవరు చెప్పినా ఎక్కుతుందా?

అంత కష్టపడేవాడికి ఏదైనా మంచి చెయ్యాలనిపించింది. ఈ యేడు మిషన్లకు మోటార్లు పెట్టించాను. పాత తొక్కుడు స్టాండ్లను పాతఇనుము కొనేవాడు బండిమీద వేసుకుపోయాడు. మొదటి మోటారు బాబిన్ మిషనుకే బిగించి, "ఇక నీ కాళ్ళకు విశ్రాంతిరా. ఊరికే బొటనవేలు ఆనిస్తే చాలు, అదే పరుగెడుతుంది" అన్నాను. దర్జీలు చప్పట్లు కొట్టారు. వాడు ఖాళీ స్టాండ్లు మెట్లు దిగిపోతుంటే వాటి వంకే చూస్తున్నాడు.

మొదటి కాలరు పాడైంది. రెండోదీ పాడైంది. మోటారు పెడలు మీద కాలు నిలకడగా ఉండాలి. వాడి కాలు నిలవడం లేదు. పాదం అదిరినప్పుడల్లా మిషను గుర్రంలా ఎగిరి నాలుగు కుట్లు ఎక్కడపడితే అక్కడ వేసేది. ఓ పావుగంట తంటాలుపడి లేచాడు. నా బల్ల చుట్టూ తిరిగాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మూడో రోజుకు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు వాణ్ణే చూడడం మొదలుపెట్టారు. కాలుగాలిన పిల్లిలా ఆ కిటికీ నుంచి ఈ తలుపు దాకా, ఈ తలుపు నుంచి ఆ కిటికీ దాకా.

"బావా, నా పాత తొక్కుడు స్టాండు తెప్పించవా?" అన్నాడు.

"అది ఈపాటికి కరిగి మేకులైపోయి ఉంటుంది. అసలేమైందిరా నీకు?"

వాడు మాటలు వెతుక్కున్నాడు. "కాళ్ళ లోపల చీమలు పాకుతున్నాయి బావా. కదిలిస్తే కాస్త నయం. ఆపితే మళ్ళీ..."

ఆ సాయంత్రం ఈ మాట మా ఆవిడకు చెప్పాను. ఆమె వంటింటి గడప మీద కూలబడిపోయింది. మొదట కాలర్లలో గొంతులు, ఇప్పుడు కాళ్ళలో చీమలు. ఇంకేం కావాలి? డాక్టరు చెప్పినట్టే కుదురు పోయింది, తిరుగుడు మొదలైంది. డబ్బా తెరిచి ఇంకో మాత్ర తీసింది. వాడు అక్క మాట కాదనలేక వేసుకున్నాడు.

వారం గడిచింది. తిరుగుడు తగ్గకపోగా ఎక్కువైంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే పెద్ద డాక్టరు బదిలీ అయ్యాడని, కొత్తవాళ్ళు వచ్చేదాకా ఉన్న మందు ఆపొద్దని ఎవరో చెప్పి పెట్టేశారు. ఒకటి చాలడం లేదేమో, రెండిద్దామా అని మా ఆవిడ అడిగింది. ఇవ్వు అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరిమీదికో తోసేద్దామని చాలాసార్లు చూశాను కానీ, అన్నది నేనే.

ఆపైన వాడు మనిషిలా లేడు. ఎండలో వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు, మళ్ళీ వెళ్ళేవాడు. చెప్పులు అరిగి మడమల దగ్గర చిల్లులు పడ్డాయి. నిలబడి కూడా నిలబడలేడు. ఈ కాలి బరువు ఆ కాలికి, ఆ కాలి బరువు ఈ కాలికి మార్చుకుంటూ, నిలబడ్డచోటే నడుస్తున్నట్టుండేవాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ఒకరోజు మాత్ర ఉమ్మేశాడు.

"అక్కా, ఇది వేసుకున్నాకే ఎక్కువవుతోంది. వద్దక్కా."

"జబ్బు అలాగే అనిపిస్తుందిరా. నా బంగారానివి కదూ, మింగెయ్."

మందు వద్దనడం కూడా జబ్బు లక్షణమేనని ఆమెకు ఆసుపత్రిలో ఎవరో చెప్పి ఉన్నారు. అంటే వాడు ఏం చెప్పినా జబ్బే చెప్పినట్టు లెక్క. నోరు మూసుకుంటే నయం. ఆ మూసుకున్న నోటిని కూడా మేము తెరిపించి చూసేవాళ్ళం.

ఆ తర్వాత వాడు నాతో ఒక మాటన్నాడు. మధ్యాహ్నం, కొట్లో, అందరూ ఉండగానే. "ఈ కాళ్ళు నరికేసుకుంటే పీడ విరగడవుతుంది బావా." వాడి చూపు నా చేతిలోని కత్తెర మీద ఉంది. ఆ రోజునుంచి కత్తెరలు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. కటింగ్ మాస్టరు ప్రతి ప్యాంటుకూ పెట్టె తాళం తీసుకుంటూ కూర్చోవడం చూసి నవ్వాల్సిందే. ఎవరూ నవ్వలేదు. మా ఆవిడా నేనూ మాట్లాడుకుని వాణ్ణి మళ్ళీ ఆసుపత్రిలో చేర్పించాలని నిర్ణయించుకున్నాం.

వాడు పసిగట్టాడు. నా దగ్గరకొచ్చి, బల్ల అంచు పట్టుకుని, "లోపల మాత్రం పెట్టించకు బావా. ఆ మంచం మీద పడుకోమంటారు. ఇప్పుడు నావల్ల కాదు, చచ్చిపోతాను" అన్నాడు.

"ఛీ, ఏం మాటలురా అవి! ఊరికే చూపించుకొద్దాం" అన్నాను. అప్పటికే మా ఆవిడ వాడి బట్టలు రెండు జతలు సర్దేసింది. బావమరిదితో జీవితంలో ఎన్నో అబద్ధాలాడాను. అన్నీ నవ్వుకోవడానికే. ఇది ఒక్కటే నవ్వుకోలేనిది.

బయలుదేరే ముందురోజు కాజాల పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క మాట వినరా. మోటార్లు వచ్చిన కొత్తలో వీడు మూడు కాజాలసేపు కూర్చునేవాడు. మీ ఆవిడ రెండో మాత్ర మొదలుపెట్టాక రెండు కాజాలు. మూడోది మొదలుపెట్టాక ఒక్క కాజా పూర్తి కాకుండానే లేస్తున్నాడు."

"జబ్బు ముదురుతోంది పిన్నీ. అందుకే కదా తీసుకెళ్తున్నాం."

"మరి మాత్రలు అయిపోవచ్చి, దుకాణంలో దొరకలేదని మీ ఆవిడ నాలుగు రోజులు ఏడుస్తూ రోజుకొక్కటే వేసింది చూడు, అప్పుడు ఆ పైమాత్రలు లేవు కదా. నాలుగో రోజున ఐదు కాజాలు కూర్చున్నాడురా. నేను పక్కనే ఉన్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఉంది మీ వైద్యం."

"నువ్వేమైనా డాక్టరువా?" అన్నాను విసుగ్గా. ఆమె చెయ్యి వదిలేసి తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళలో ఆమెతో అంత కటువుగా మాట్లాడింది అదే మొదటిసారి.

ఆసుపత్రి వరండాలో అందరూ బెంచీల మీద కూర్చుంటే వాడొక్కడే నడుస్తున్నాడు. మా వంతు వచ్చింది. కొత్త డాక్టరు ఆడమనిషి, నలభై ఏళ్ళుంటాయి, కళ్ళకింద నీడలు. మా ఆవిడ గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది. నిద్ర లేదు, కూర్చోడు, చీమలంటాడు, మందు ఉమ్మేస్తాడు, కాళ్ళు నరుక్కుంటానన్నాడు. డాక్టరమ్మ వింటూనే చేర్చుకునే కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. అది విన్నవాళ్ళెవరైనా అదే చేస్తారు. బావమరిది గోడకు ఆనుకుని కాలు మార్చి కాలు వేస్తున్నాడు. చెప్పినా లాభం లేదని వాడికి తెలిసిపోయింది. నా వంక మాత్రం చూశాడు.

"ఇంకేమైనా చెప్పాలా?" అంది డాక్టరమ్మ, తలెత్తకుండా.

లేదని చెప్పడానికే నోరు తెరిచాను. వాడి చూపు తగిలి నోట్లోంచి వేరే మాట వచ్చింది. "మా కొట్లో కాజాలు కుట్టే పిన్ని ఒకావిడ ఉందండీ..." అని మొదలుపెట్టాను. అంత పెద్ద ఆసుపత్రిలో కాజాల లెక్క చెబుతుంటే నా చెవులు వేడెక్కిపోయాయి. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. అయినా మూడు, రెండు, ఒకటి, ఐదు అని పిన్ని చెప్పినదంతా చెప్పేశాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"ఒక కాజాకి ఎంతసేపు పడుతుంది?"

"ఆవిడ చేతికి ఐదు నిమిషాలండీ."

"మళ్ళీ మొదటినుంచి చెప్పండి" అంటూ కొత్త కాగితం తీసుకుంది. ఏ మాత్ర ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు దొరకలేదు, పక్కపక్కనే రాసుకుంది. తర్వాత వాణ్ణి స్టూలు మీద కూర్చోమంది. చేతులు మోకాళ్ళ మీద పెట్టించి, గడియారం చూస్తూ ఊరుకుంది. పాదాలు నేలను తడుతూనే ఉన్నాయి. నిలబడమంది, మళ్ళీ చూసింది. మా ఆవిడ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి, "మీరు కాదమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి" అంది.

"చీమలు కనిపిస్తున్నాయా మీకు?"

"లేదండీ. చీమలేం లేవని నాకూ తెలుసు. ఎలా చెప్పాలో తెలియక అలా చెప్పాను."

"మనసు ఆందోళనగా ఉండి నడుస్తున్నారా, కాళ్ళు నడిపిస్తున్నాయా?"

"కాళ్ళేనండీ. తల బాగానే ఉంది. కాళ్ళు ఊరుకోక తలక్కూడా పిచ్చెక్కుతోంది."

"గొంతులు?"

"ఆగిపోయి రెండేళ్ళయిందండీ."

"కాళ్ళు నరుక్కోవాలన్నారట. చనిపోవాలని ఉందా, ఈ బాధ ఆగాలని ఉందా?"

"ఆగితే చాలండీ" అన్నాడు.

ఆమె వాడి మోచేతులు వంచి చూసింది, చేతులు చాపించింది, నాలుక బయటపెట్టించింది, నాడి చూసింది, రక్తపోటు చూసింది, ఉబ్బసం ఉందా అని అడిగింది. తర్వాత మావైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. ఇది పాత జబ్బు తిరగబెట్టడం కాదు. ఆ జబ్బుకిచ్చిన మందు కొందరిలో చేసే పని. దీనికి అకథీసియా అని పేరు, అంటే కూర్చోలేకపోవడం. బయటినుంచి చూస్తే జబ్బు పెరిగినట్టే ఉంటుంది, డాక్టర్లు కూడా పొరబడతారు. పొరబడి మందు పెంచితే అగ్గిమీద నూనె పోసినట్టే.

పైమాత్రలు రెండూ అక్కడికక్కడే మాన్పించేసింది. అసలు మాత్ర కొద్దికొద్దిగా తగ్గించి, దాని బదులు మెల్లగా వేరేది మొదలుపెడతానంది. గుండెదడకు కూడా ఇచ్చే చిన్న మాత్ర ఒకటి కాళ్ళ కోసం రాసింది. "అలాగని మీ అంతట మీరు అన్నీ ఆపేయకండి. మందు శత్రువు కాదు, మోతాదు కుదరాలి అంతే" అంది. ఏళ్ళ తరబడి ఈ మందులు వాడేవాళ్ళకు చేతులు వణకొచ్చు, నాలుకా పెదవులూ వాటంతటవే కదలొచ్చు, అందుకే మూడు నెలలకోసారి ఇలా కూర్చోబెట్టి, నిలబెట్టి చూడాలంది. ఏడేళ్ళలో వాణ్ణి అలా ఎవరూ చూడలేదు.

చేర్చుకునే కాగితాన్ని రెండుగా చింపింది. వాడిలో దుఃఖం ఎప్పుడో ఎండిపోయినట్టుంది, ఆమె చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. ఏడ్చింది మా ఆవిడ. "నా చేత్తో నేనే మింగించానే" అని వరండాలో అందరి ముందూ నెత్తి కొట్టుకుంది. వాడే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "మంచి చేద్దామనే కదా అక్కా" అన్నాడు. అంటూ కాలు మార్చి కాలు వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి కాజాల పిన్నికి చెప్పాను. క్షమించమని అడగడానికి నోరు రాక, "నువ్వు డాక్టరువే పిన్నీ" అన్నాను. ఆమె సూది ఆపకుండా, "ఆ ముక్క మొన్ననే అంటే నీ సొమ్మేం పోయేది?" అంది.

మంత్రం వేసినట్టు తగ్గిపోలేదు. నాలుగైదు రోజులకు వీధిలో నడక తగ్గింది. మూడు వారాలకు భోజనానికి కూర్చున్నాడు. ఐదో వారంలో ఒక సాయంత్రం సన్నగా ఒక గొంతు వినిపించిందని వాడే వచ్చి చెప్పాడు. మా ఆవిడ మొహం పాలిపోయింది, అయినా డబ్బా ముట్టుకోలేదు. వాణ్ణే వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళింది. కొత్త మందు కాస్త పెంచారు, పాతది తగ్గించడం కొన్నాళ్ళు ఆపారు. అలా ఒకడుగు ముందుకు, అరడుగు వెనక్కి. ఇప్పుడు మోటారు మిషను మీదే కాలర్లు కుడుతున్నాడు, కాకపోతే ఇదివరకటిలో సగం. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు ఇంకా కొంచెం గునుస్తాయి. అప్పుడు లేచి మెట్లు దిగి ఎక్కి వస్తాడు. ఎవరూ ఏమనరు.

మొన్నొక మధ్యాహ్నం కొట్లో మేమిద్దరమే ఉన్నాం. నేను ప్యాంటు గుడ్డ కత్తిరిస్తున్నాను, వాడు కాలరు తిరగేసి కొస సరిచేస్తున్నాడు. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న మాట అడిగేశాను.

"ఒరేయ్, రెండేళ్ళు ఆ నరకం మోశావు కదరా. మొదట్లోనే నాతో ఒక్క మాట చెబితే పోయేది కదా?"

"చెప్పాను బావా."

"ఎప్పుడు?"

"మొదటి యూనిఫారాల సీజన్లో. నా కాళ్ళు ఊరుకోవట్లేదు బావా, ఏదో తేడాగా ఉంది అన్నాను. నువ్వు కత్తిరిస్తున్నావు. 'అలాంటి కాళ్ళు ఇంకో జత ఎక్కడైనా దొరికితే చెప్పరా, అవతలి మిషనుకి బిగిద్దాం' అన్నావు. అందరూ నవ్వారు."

"మరి నువ్వు?"

"నేనూ నవ్వాను. బాగుంది కదా మరి ఆ మాట."

వాడు దెప్పడానికి అనలేదు. నిజంగానే ఆ మాట వాడికి నచ్చినట్టు చెప్పాడు. నాకు మాత్రం అన్నట్టే గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. కానీ నాదే ఆ మాట, సందేహం లేదు. అలాంటివి నేను రోజుకు పది అంటాను.

కత్తెర పక్కన పెట్టి వాడి మిషను దగ్గరకు స్టూలు జరుపుకున్నాను.

"ఇప్పుడు చెప్పరా. ఎలా ఉండేదో చెప్పు."

"ఇప్పుడెందుకు బావా, తగ్గింది కదా."

"చెప్పు."

వాడు కాలరు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాడు. నాలుక చివరకు ఒకటి రెండు వేళాకోళాలు వచ్చాయి, మింగేశాను. మెట్లెక్కి వచ్చిన ఒకాయన తన ప్యాంటు అయిందా అని అడిగాడు. కాలేదు, కాసేపు కూర్చోండి అన్నాను.